ఒకటో నంబరు నిక్కరు

జర ఆగు షఫీ భాయ్! ఊకె హారన్ గొడ్తవేంది? ఏర్‌పోర్టు యాడికి పోదు. పోరగాండ్లు ఇంక నాస్తా కాడనే ఉన్నరు. రెండు నిమిషాలు నా మాట ఇను.

ఇగో, ఈ తాయత్తు. ఒకటో నంబరు సంచిల బట్టల నడుమ పెట్టు. గోల్‌కీపర్ పోరడు లేడా, ఇద్రీసా, నీ బస్సుల ముంగట సీట్ల కూసుంటడు, గా పోరనికి. అడిగితే సంచిలనే దొరికిందను.

ఏంది గట్ల జూస్తున్నవ్? తోలు కొత్తగున్నదా? కొత్తదే. నా పర్సు కోసి కుట్టిన. చెప్పు తోలు గాదులే, గంత పాపానికి ఒడిగట్టలే.

సరె, చెప్త. నీకు గాక ఎవ్వలకు చెప్పాలె? ఒక్క రూముల ఏడేండ్ల సంది పంటున్నం.

గీ ఫ్రెంచి మాట్లాడే దేశాల పిల్లల ఫుట్‌బాల్ పోటీలు మస్కట్ల షురువైన కాడికెల్లి, టీములన్నిటి బట్టలు మా రుసైల్ లాండ్రీకే వస్తున్నయ్ గద. పోయిన శనారం పచ్చ అంగీలోళ్ళ సంచి ఇప్పిన. ఒకటో నంబరు నిక్కరు నడుం పట్టీ లోపట చేతికి గట్టిగ తాకింది. జూస్తే తోలు తాయత్తు, కుట్టి ఉన్నది. మిషిన్ల ఏస్తె తోలు ఖరాబైతదని బ్లేడుతోని కుట్లు ఇప్పిన. గది డ్యూటే, తప్పుగాదు. ఇప్పినంక కవర్ల పెట్టి, నంబరు రాసి, ఆఫీసు డబ్బల ఎయ్యాలె. పదకొండేండ్లల ఉంగురాలు ఏసిన, గడియారాలు ఏసిన. ఈ భీమన్న కాడ ఒక్క గుండీ ఆగలే.

గిది ఎయ్యలే.

ఎందుకంటవా? గా రోజు సంగతి నీకు ఎర్కలేదా? పొద్దుగాల్నే మా ఇంటామె కమలవ్వ ఫోన్ల ఒక్కతీరుగ ఏడ్సుడు. మా బిడ్డ సింధూజకు డెంగీ, కరీంనగర్ దవఖానల ఏసిండ్రు, రక్తంల కణాలు పన్నెండు వేలకు పడ్డయ్, ముక్కులకెల్లి రక్తం వస్తుందని. తొమ్మిదేండ్ల పిల్ల భాయ్! సెలవడిగితే మా మేనేజర్ ముదీర్ ఏమన్నడు? పోటీలు అయిపోయేదాంక ఎవ్వల్ని ఇడ్వనన్నడు. నేనేం జెయ్యాలె చెప్పు?

నీ జబ్బకున్న కొండగట్టు తాయత్తు పంపియ్యకపోయినవా అంటవ్. గది మా అవ్వ నేను ఇమానం ఎక్కిన నాడు కట్టింది. చెమటకు, సబ్బు నీళ్ళకు అరిగిపోయింది. గా పోరని దాన్ల బలమున్నది! మొదటి రెండు ఆటలల్ల ఒక్క గోల్ పడనిచ్చిండా? రూముల నువ్వే చెప్పి మురిసిపోతివి.

గా రాత్రే వేరే కంపెనీల జేసే మా ఊరి లింబాద్రి ఇంటికి పోతుండె. వాని జేబుల పెట్టిన. తెల్లారి సీదా దవఖానకే పోయి పిల్ల జబ్బకు కట్టిండు, పాపం.

నేను గా తెల్లారే హోటల్‌కు ఇస్త్రీ బట్టలు కొంటవోతే, ఎన్క దర్వాజ కాడ ఈ ఇద్రీసా నిలవడ్డడు. నిక్కరు తిప్పి జూపెట్టిండు. రెండు వేళ్ళతోని గింతే ఉంటదన్నట్టు జూపెట్టిండు. కండ్లల్ల నీళ్ళు. నేను లేదని తలకాయ ఊపిన. వాని ఫ్రెంచి నాకు రాదు, మన మాట వానికి రాదు. రానందుకు సంబురపడ్డ భాయ్! వస్తే ఏమని చెప్పేటోన్ని?

సెమీఫైనల్ల మూడు గోల్లు తిన్నడు. ఎట్లనో గట్టెక్కిండ్రు.

నిన్న ఫైనల్‌కు కంపెనీ పాసులిచ్చె, నీ పక్కన్నే కూసుంటి. పెనాల్టీలప్పుడు నువ్వు బాల్ జూసినవ్. నేను వాని చెయ్యి జూసిన. ఒక్కో తన్నుకు ముంగట నడుం కాడికి పోతుండె, తడుముతుండె, మల్ల కిందికి జారుతుండె.

ఐదు తన్నులు, ఐదు గోల్లు.

ఇయ్యాల పొద్దుగాల కమలవ్వ ఫోన్ జేసింది. కణాలు నలభై వేలకు ఎక్కినయట. పిల్ల ఇడ్లి తిన్నదట. ఇగ గా తాయత్తు ఇప్పి పంపుమని ఏ నోటితోని చెప్పాలె? నువ్వైతే చెప్తవా, నీకు బిడ్డలు లేరా? అందుకే నాది ఇప్పి గీ తోలుల పెట్టి కుట్టిన. పోరడు ఉత్త చేతులతోని పోవద్దని.

అరె, మల్ల నా చేతిలనే పెడ్తవేంది? నేనే ఇయ్యాల్నా? నాదని చెప్పే ఇయ్యాల్నా? దొంగతనం సాలదా, మీదికెల్లి మోసం గూడనా అంటున్నవ్. అను, పడ్త.

గదిగో, వస్తున్నడు. నన్ను జూసి చెయ్యి ఊపుతున్నడు సూడు! దొరకనందుకు నేను గూడ బాధపడ్డననుకుంటున్నడు, పిచ్చి పోరడు.

ఇస్త, వానికే ఇస్త. గని ఒక్కటి ఇను, గిది కమలవ్వకు గూడ చెప్ప. నిన్న ఆఖరి గోల్ పడంగనే నువ్వు నెత్తి పట్టుకున్నవ్. నేను వంగి మొకం దాసుకుంటే, ఏడుస్తున్ననుకొని నా ఈపు నిమిరినవ్ గద?

ఏడ్వలే భాయ్. దండం పెట్టిన. వీని కాడ బలం పోయిందంటే, నా బిడ్డ కాడికి చేరినట్టే గద అని.