పిలవని పేరు

ఈ ప్యాంటు నడుం దగ్గర రెండంగుళాలు వదులు చెయ్యాలక్కా, ఇంక లాభం లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ చెక్క కుర్చీలో పాతేసినట్టు కూర్చుంటే పొట్ట రాక ఇంకేమొస్తుంది చెప్పండి? కోర్టు ఉద్యోగమంటే మా మావగారు నేనేదో నల్లకోటు వేసుకుని గుక్క తిప్పుకోకుండా వాదిస్తున్నాననుకుంటారు. నా మొహం! ఆ హాల్లో నాకంటే కింద ఉన్నది ఆ కుర్చీ ఒక్కటే.

మీరు కానివ్వండి. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడకండి, గుచ్చుకుంటాయి. నేను మాట్లాడతాలెండి, అది నాకు బాగా వచ్చు.

మీకో సంగతి తెలుసా? నేనూ కుట్టేవాణ్ణే. నవ్వకండి, నిజం! దావా కాగితాలన్నీ వరసగా పేర్చి, దబ్బనంతో పొడిచి, దారం ఎక్కించి కుట్టాలి. ఇదిగో, వేలికి కాయ. కాకపోతే మీరు కుట్టింది మనుషులు తొడుక్కుంటారు, నేను కుట్టింది ఎలకలు తింటాయి.

అవునక్కా, కోర్టులో చూసుంటారు నన్ను. తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలిచేది నేనే. అసలది బంట్రోతు పని. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవర్నీ వెయ్యలేదు. కొత్తగా చేరినవాడు ఎవడున్నాడు? నేనున్నాను. కుట్టడం నేనే, మొయ్యడం నేనే, పిలవడం నేనే. చేరి రెండేళ్ళయింది, ఇంకా పర్మనెంటు చెయ్యలేదు. ఈ నెలాఖరుకి చేస్తామంటున్నారు. చూడాలి.

ఆ ఫ్యాను కొంచెం పెంచుతారా? చెమట. లేదు లేదు, ఒంట్లో బాగానే ఉంది. ఆఫీసుకి మాత్రం బాగాలేదని చెప్పి సెలవు పెట్టాను.

ఆ అరలన్నీ ఖాళీ చేశారేం? ఓహో. అవును, నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలి కదూ. పద్దెనిమిదేళ్ళా ఈ గదిలో? అబ్బ! మిషను ఎక్కడ పెడతారు మరి? మీ చెల్లెలి వాళ్ళ వసారాలోనా? అక్కడికి మీ ఖాతాదార్లు వస్తారంటారా?

ఏమో లెండి. ఏమంటున్నాను నేను?

మా ఆవిడ పోయిన వారం పిల్ల గౌను తీసుకోవడానికి వచ్చింది కదా. అన్నం వడ్డిస్తూ చెప్పింది. "పాపం, ఆ కుట్టు అక్క చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిందట. కోర్టులో మూడుసార్లు పిలిచినా వినపడలేదట. అందుకని కొట్టు ఖాళీ చేయమన్నారట" అని. అన్నం ముద్ద గొంతులో అడ్డం పడింది నాకు. మంచినీళ్ళు, మంచినీళ్ళు అంటూ అది వీపు మీద చరుస్తోంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "ఏ కోర్టు? ఏ హాలు?" అని అడిగాను. ఊళ్ళో ఉన్నదే ఒక్క కోర్టు!

ఏమన్నాడక్కా డాక్టరు? బాగున్నాయన్నాడా చెవులు? నా చెవులకంటే నీవే నయం అన్నాడా? అంటాడు మరి. ఎందుకనడు?

అయితే మీ వకీలు ఏమన్నాడు? "చెవులు బాగుంటే ఇంకేం రాసి అడుగుతాం, పిలిచినట్టు స్టాంపు ఉంది, నువ్వే పరధ్యానంగా ఉండుంటావు" అన్నాడా? ఆయన మాత్రం ఆ పూట ఎక్కడున్నాడట? పక్క హాల్లో ఇంకో దావాలో. వాళ్ళంతే లెండి. తీర్పు వచ్చిన ముప్పై రోజుల్లో "నేను రాకపోవడానికి కారణం ఇదీ, మళ్ళీ వినండి" అని అర్జీ పెట్టుకోవచ్చు. కారణం లేందే ఏం పెడతాడు ఆయన?

మీరు పరధ్యానంగా లేరక్కా.

లేరు. నాకు తెలుసు. మిషను ఆపకండి, తొక్కుతూ ఉండండి, ఆ చప్పుడుంటే నాకు కాస్త తేలికగా ఉంటుంది.

చూడండి, మా దగ్గర ఒక రబ్బరు స్టాంపు ఉంటుంది. "మూడుసార్లు పిలిచినా హాజరు కాలేదు" అని. అదొక్కటే ఉంది, హాళ్ళేమో రెండు. పక్క హాలు గుమాస్తా పదిన్నరకల్లా వచ్చి పట్టుకుపోతాడు, మళ్ళీ సాయంత్రానికి గానీ ఇవ్వడు. ఇంకోటి చేయించండని రాస్తే ఏడాదిగా జవాబు లేదు. అందుకని మేమేం చేస్తామంటే, జడ్జిగారు రాకముందే, ఎలాగూ రానివాళ్ళవని తెలిసిన కాగితాల మీద ముందే గుద్ది పెట్టుకుంటాం. నేను కనిపెట్టింది కాదిది. నాకు పని నేర్పిన హెడ్ గుమాస్తాగారు నేర్పారు. వాళ్ళు వచ్చేశారనుకోండి, అడ్డంగా గీత కొట్టి, పక్కన జడ్జిగారి పొట్టి సంతకం పెట్టించుకుంటే సరి.

అంతకుముందు వాయిదాకి మీరు రాలేదు. జ్వరమని మీ వకీలు చెప్పాడు. జ్వరమని అందరి వకీళ్ళూ చెబుతారక్కా! సగం మందికి జ్వరం, మిగతా సగానికి బంధువులు పోయారు. ఈవిడా రాని బాపతే అనుకున్నాను. మీ కాగితం మీద గుద్దేశాను.

ఇంతేనా? ఇంతే అయితే మీ దగ్గరికి రావడానికి నాకు ఇన్నాళ్ళు పట్టేదా?

మీరొచ్చారు. పది గంటలకే వచ్చారు. ఆకుపచ్చ చీర, చేతిలో గుడ్డసంచీ. రెండో కిటికీ పక్కన స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. ఏదో లోపల్లోపల చెప్పుకుంటున్నారు, పెదాలు కదులుతున్నాయి. జడ్జిగారు అడిగితే చెప్పాల్సింది వల్లె వేసుకుంటున్నారు కదూ? నన్ను చూసి దగ్గరికొచ్చి "బాబూ, నాది ఎప్పుడొస్తుంది?" అన్నారు కూడా. నేనేమన్నాను? "పిలుస్తాం, అక్కడే ఉండండి" అన్నాను.

అప్పుడే గీత కొట్టాల్సింది. చెయ్యి ఆడలేదక్కా. ఆ వారంలోనే అలా గీత కొట్టినవి రెండు పట్టుకెళ్తే జడ్జిగారు కళ్ళద్దాలు తీసి చూశారు. "ఏమిటయ్యా ఇది, మనుషులు రాకముందే గైర్హాజరు వేస్తున్నావా? ఇంకొక్కటి నా బల్ల మీదికి వస్తే నీ సంగతి పైకి రాయాల్సి వస్తుంది" అన్నారు. నిండు హాల్లో! వకీళ్ళంతా చూస్తుండగా! మూడోది పట్టుకెళ్ళడానికి నాకు గుండె చాలలేదు.

మీ నంబరు వచ్చింది. జడ్జిగారు "పిలువు" అన్నారు. లేచాను. తలుపు దాటి వరండాలోకి వచ్చాను. మీరు నా వైపే చూస్తున్నారు. సంచీ సర్దుకుని ఒక అడుగు ముందుకు కూడా వేశారు.

నేను నోరు తెరవలేదు.

ఒకటి, రెండు, మూడు అని మనసులో లెక్కపెట్టుకుని లోపలికి పోయాను. "పిలిచావా?" అన్నారు. "పిలిచాను సార్, లేరు" అన్నాను. ఆయన సంతకం పెట్టేశారు. అద్దె గది ఖాళీ చేయాల్సిందే అని మీ గది ఓనరు అడిగింది అడిగినట్టు ఇచ్చేశారు. ఎంతసేపు పట్టిందనుకున్నారు? మీరు ఒక గుండీ కుట్టేంత సేపు కూడా కాదు.

మిషను ఆపేశారా?

లంచమా? అయ్యో, మీ గది ఓనర్ని నేను చూసింది కూడా లేదక్కా. ఒక్క గుక్క టీ నీళ్ళు కూడా తాగలేదు ఎవరి దగ్గరా. తాగుంటే, ఎందుకు చేశావురా అంటే చెప్పుకోవడానికి ఒక జవాబైనా ఉండేది నాకు.

మధ్యాహ్నం భోజనానికి కూడా పోకుండా అక్కడే ఉన్నారు మీరు. నేను చూశాను. పిలుస్తారేమోనని నీళ్ళ కుళాయి దాకా కూడా వెళ్ళలేదు. ఐదింటికి ఊడ్చే ఆవిడ వచ్చి వరండా ఖాళీ చేయమంటే, ఆవిణ్ణి అడిగారు, "నా పేరు ఇంకా పిలవలేదమ్మా" అని. నేనేమో తేలు కుట్టిన దొంగలా పాత కాగితాల గదిలోంచి వెనక మెట్లు దిగి పారిపోయాను. బస్సు ఎక్కాక కూడా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.

ఇవాళ ఖాళీ అరల కేసి చూస్తున్నాను కానీ, నన్ను తొలిచేస్తున్నది అవి కాదక్కా. మీరు డాక్టరు దగ్గర కూర్చుని, ఆయన గంట మోగిస్తే వినపడుతోంది, వినపడుతోంది అని చెప్పి, అయినా ఇంటికొచ్చి నాదే తప్పు అనుకున్నారు చూశారూ, అదీ. పరధ్యానం ఎక్కువైంది, వయసు మీద పడుతోంది అని మా ఆవిడతో అన్నారట. మీకేం వయసక్కా! నిక్షేపంలాంటి మనిషి, నిక్షేపంలాంటి చెవులు.

ఏమిటి? పిలవలేదని రాసిస్తావా అంటున్నారా?

కూర్చోండక్కా. తాళాలు తీసుకోకండి. వకీలు దగ్గరికి ఇప్పుడు పరుగెత్తి లాభం లేదు.

మొన్నొచ్చి చెప్పుంటే రాసివ్వాల్సి వచ్చేది. మీరు అర్జీ పెడితే నన్ను బోనెక్కించి అడిగేవాళ్ళు. పిలవలేదు సార్ అని నేనంటే మీ గది మీకుండేది, నా ఉద్యోగం పోయేది. మింగలేక కక్కలేక ఇన్నాళ్ళూ తిరిగాను. రెండుసార్లు ఈ వీధి చివరి దాకా వచ్చాను. మీ మిషను చప్పుడు వినబడగానే వెనక్కి తిరిగాను.

గడువు నిన్నటితో అయిపోయింది.

తెలీక కాదు. ఎవరి గడువు ఎప్పుడు తీరుతుందో పుస్తకంలో రాసేది నేనేగా. రోజూ పొద్దున్నే చూసుకున్నాను. ఇంకా పది, ఇంకా ఆరు, ఇంకా రెండు. గడువు దాటాక వచ్చిన అర్జీ ఈ రెండేళ్ళలో మా హాల్లో ఒక్కటి కూడా తీసుకోగా చూడలేదు నేను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడు అంటారేమో నన్ను. నావి కాలలేదక్కా, మీవి కాలేదాకా ఆగి వచ్చాను.

చెప్పకుండా ఉండలేక వచ్చానంటే మీరు నమ్మరు. నమ్మకండి. నిన్న సాయంత్రం ఐదింటికి కోర్టు గేటుకి గొలుసు వేసేదాకా అక్కడే నిలబడి చూశాను, మీరు గానీ మీ వకీలు గానీ వస్తారేమోనని. రాలేదు. ఇంటికెళ్ళాను. చాలా రోజుల తర్వాత ఆకలేసింది. మారు వడ్డించుకుని మరీ తిన్నాను.