చప్పుడు కాకుండా

వాకిట్లో కుళాయి పక్కన, రాతిమీద మావారు నా బట్టలు ఉతుకుతున్నారు. జాడించడం నా వంతు. గడపలో అత్తగారు.

"ఒరేయ్, ఆ బకెట్టు లోపలికి పట్రా అంటే నీక్కాదూ?"

"ఉతికే రాయి ఇక్కడుందమ్మా."

"స్నానాలగదిలో గచ్చుందిగా! తలుపేసుకుని ఏ వేషమైనా వేసుకో."

"నాన్న వదిలితేగా ఆ గది! గంటనుంచీ స్నానం, ఆ రేడియో గోలా."

"వచ్చేస్తార్లే. అందాకా ఆగు. పెళ్లాం బట్టలు వీధివీధంతా వినేలా బాదుతావా? ఎదురింటావిడ కిటికీ తీసేసింది!"

"తీయనీ. గాలొస్తుంది."

"అత్తయ్యా, అసలు ఉతకడమంటేనే బాదడం..."

"మొదలెట్టింది చదువులతల్లి!"

"వినండి మరి! చేతులు కడుగుతాం, గిన్నెలు తోముతాం. బట్టలకి మాత్రం వేరే మాట. ఎందుకంటారు? సబ్బుల్లేని రోజుల్లో రాతికేసి కొడితేనే మురికి వదిలేది. ఆ దెబ్బ ఇంకా ఆ మాటలోనే ఉండిపోయింది. అదీ నా లెక్క."

"ఇంకొక్క మాటన్నావంటే..."

"ఉతికేస్తారా? చప్పుడు కాకుండానా?"

"ఎందుకు కాదూ? తడి గచ్చుమీద పరిచి, మోకాలితో నొక్కి, మెల్లగా రుద్దితే... దానికి తోడు రేడియో కాస్త పెంచితే చాలు, చీమక్కూడా వినపడదు."

"అమ్మా, నీకు సబ్బు పడదుగా? చేతులు పగుల్తాయని బకెట్టే ముట్టుకోవు. ఇవన్నీ నీకెలా తెలుసు?"

"తెలుసులే. లోపలికి నడవ్వోయ్. మీ నాన్న పరువేం కాను!"

"నడవను. ఇక్కడే ఉతుకుతా. దీనివీ, నావీ. నీవీ పడేయ్, ఓ పనైపోతుంది."

"నావెందుకూ? నావి ఆయ..."

"ఆ?"

"ఏం లేదు."

"అవునూ, అత్తయ్యా, మీ బట్టలు రోజూ దండెం మీద ఆరడం చూస్తున్నాను. ఉతకడం మాత్రం ఎప్పుడూ చూళ్లేదు."

"నోర్ముయ్యవే. నవ్వకు."

"నవ్వట్లేదు, నిజంగా! నాకు ముద్దొస్తోంది. అయినా తలుపెందుకత్తయ్యా? దొంగతనమా ఏవన్నానా?"

"ఉండు, ఇప్పుడే వస్తా."

"అమ్మా? ఏమైందే? ఎక్కడికీ?"

"ఏమండీ! ఏమండీ, మిమ్మల్నే! ఆ రేడియో కట్టేసి తలుపు తీయండి. ఆ బకెట్టు ఇలా వాకిట్లోకి పట్రండి. ఎన్నాళ్లని మోకాళ్లు అరగదీసుకుంటారు, ఇక్కడ ఇంత రాయుండగా!"