గంగులు సెవి

మాటాడకు. మాటాడమని బతిమాలడానికి నాను రానేదు. తొమ్మిదేళ్ళ బట్టీ మాటాడనోడివి, ఈ ఒక్కపూట నోరిప్పితే నీ మీసం రాలిపోతాది గావాల. అలాగే కూకో, ఆ టైరు మీద. నాను సెప్పేది ఇను సాలు.

ఏటా సూపు? వందెకరాల బుగత నారాయణమూర్తి గారి కారు నీ షెడ్డు ముందర ఎందుకాగిందనా? ఎండగా ఉన్నాదని నీ రేకుల నీడన ఆపేను. నీడ కూడా నీ బాబుదేటి?

ఒరే ఎల్లాజీ, నీకు రెంచీ పట్టుకోడం నేర్పినోడెవడు? ఈ గంగులే. మీ అక్క అసిరమ్మని పెళ్ళాడిన పాపానికి నిన్ను పనిలో ఎట్టుకున్నాను. నువ్వేటి సేసేవు? రోడ్డుకి ఆ పక్క నా షెడ్డుంటే ఈ పక్క నీది ఎత్తేవు. పైగా బోర్డొకటి. నాను సదవలేనని తెలిసే అంతంత అచ్చరాలు రాయించేవు. నాను మర్సిపోతాననుకున్నావేటి?

సరే, కారు సంగతి. నువ్వడగనేదు, నానే సెప్తన్నాను.

నిలబెట్టి తొక్కితే పువ్వునాగ ఆడతాది. రోడ్డెక్కించి ఏక్సిలేటరు తొక్కేవనుకో, ముక్కుతాడు లాగిన గిత్తనాగ గునుస్తాది. ఒక కుదుపు, ఎనకాలే ఇంకోటి. నిన్న, బాగయిపోయింది ఎక్కండి బాబూ అని నానే ఎక్కించేను. ఎనక సీట్లో బుగత గారూ, ఆయన తల్లి లక్ష్మణమ్మ గారూ. ఆవిడ తమలపాకులకి సున్నం రాసుకుంటన్నారు. రాసుకోనిచ్చిందా ఇది? సున్నం డబ్బీ ఎగిరి ఆయన సిల్కు లాల్చీ మీద పడ్డాది.

ఆయన తిట్టనేదు. తిట్టినా బాగుణ్ణు. తుడుసుకున్నారు. "గంగులూ, ఆదివారం అమ్మని అరసవల్లి తీసుకెళ్ళాల. దార్లో ఒక్కసారి కుదిపినా, సోమవారం బండి విశాఖపట్నం షెడ్డుకి ఎలిపోతాది" అన్నారు. అంతే. ఆదివారవంటే రేపే కదా.

బండి పోతే పోనీరా. గంగులికి పట్టుబడనేదంట అని నెల్లిమర్లంతా అనుకుంటారు సూడు, అది నాను మింగలేను.

సెయ్యనిదేటి? ప్లగ్గులు తోమేను. గేపు రెండు పోస్టుకార్డుల మందం, నీకు నేర్పిన కొలతే. పాయింట్లు గీకేను. కండెన్సరు మార్సేను. కార్బొరేటరు ఇప్పి జెట్లు నోటితో ఊదేను, మూడు దినాలు కూరలో ఉప్పుందో నేదో తెలీనేదు. పెట్రోలు గొట్టం, పంపు, టేంకీ అడుగు, అన్నీ సూసేను. అన్నీ బాగున్నాయి. ఇంట్లో అందరూ మంచోళ్ళే, తగువు మాత్రం రోజూ ఉన్నాది.

అసలు ఊరే మారిపోయిందిరా. ఒకడూ నోరిప్పి గట్టిగా మాటాడ్డు. జూటు మిల్లు కూత కూడా జలుబు సేసినట్టు మూలుగుతాది ఈమధ్య. మొన్న దాన్ని నమ్ముకుని పొద్దెక్కీదాకా పడుకున్నాను.

ఏటి, నెగిసేవు? బోనెట్టు ఎత్తమని నాను సెప్పేనా? సరే, ఎత్తేవు కదా. ఏటా సెయ్యూపడం, స్టార్టు సెయ్యాలా? అదేదో నోటితో సెప్తే సొమ్మేం పోతాది. ఇదిగో. కూసింత తొక్కుతన్నాను కూడాను.

రెంచీ నేదు, స్క్రూడ్రైవరు నేదు, తల ఓ పక్కకి వంచి నిలబడ్డావు. ఆ వంపు నాదేరా. అలాగ తల వంచడం నేర్పిందీ నానే. జనం ఏటనీవోరు? కారుకి జబ్బు సేస్తే వచ్చి గంగులు సెవిలో సెప్పుకుంటాదనీవోరు. నాకు అచ్చరం ముక్క రాదు. సంతకం పెట్టబోతే 'గం' కాడే సెయ్యి ఆగిపోతాది. ఇంజినీ మాత్రం సెవితో సదివేను, నలభయ్యేళ్ళు.

ఆపమంటావా? ఆపేను. ఏటా సూపించడం? నాలుగో ప్లగ్గు తీగా? కొత్తదాన్నాగ నిగనిగలాడతన్నాది కదరా. తిప్పు, అడుగు సూపించు.

సీలిపోయింది.

ఇనుముకి ఆనుకున్న పక్కే సీలింది. అందుకే నాకు కంటబడనేదు. నిలబడ్డప్పుడు కూసింతే కారినా, బండి బరువు లాగినప్పుడల్లా కరెంటు ప్లగ్గు దాకా ఎళ్ళకుండా మొత్తం ఇనుములోకి దూకేస్తన్నాది. దానికే ఆ కుదుపు. అది సరే, ఏదీ ఇప్పకుండా నువ్వెలా పట్టేవు? ఏటా గోరు, రేకు మీద అలాగ కొడతన్నావు? సప్పుడా? టిక్కు టిక్కుమని అంటన్నాదా అది? పైకే ఇనపడేటట్టు?

నాలుగు దినాలు దాని మీద ముకం ఎట్టి కూకున్నాన్రా నాను.

బోనెట్టు దించు. ఒకటి సెప్తాను, మీ అక్కకి సెప్పకు. నా కుడి సెవి పోయింది. ఎడందీ సగవే. రెండేళ్ళయింది. మిల్లు కూత శుభ్రంగానే ఉన్నాది గావాల, పాపం. అసిరమ్మకి సెప్పొద్దని ఎందుకంటన్నానంటే, ముప్పయ్యేళ్ళు దాని మాట ఇనపడనట్టు నటించేను. ఇప్పుడు నిజంగా ఇనపడ్డం నేదంటే అది నమ్మదు.

ఒరే, పోయినేడు మన సుట్టాల బుల్లమ్మ కూతురి పెళ్ళిలో నా కుడి పక్కన కూకున్నావు, గుర్తుందా? పెదాలు ఆడించేవు. నన్ను సూసి ఎక్కిరిస్తన్నావనుకుని, పప్పు వడ్డించిన ఇస్తరి ముందర్నుంచి నెగిసిపోయేను. ఏటన్నావురా అప్పుడు? బావా అని పిలిసేవా?

ఇదిగో, ఇప్పుడూ ఆడతన్నాయి నీ పెదాలు. అటు కాదెహె. ఇటు, ఎడం పక్కకి రా. కూసింత గట్టిగా సెప్పు. మీసం రాలిపోతే రాలిపోనీ.