చంద్రిక తూకం

అంగన్‌వాడీ టీచర్ మీద అర్జీ పెట్టింది నా కూతురు మల్లీశ్వరి, నేను కాదు మేడమ్మా. పెట్టొద్దే అని చెప్తానే ఉంటి. వింటేనా? ఎలిజబెత్ టీచర్ దొంగ తూకం రాసింది, అందుకే నా బిడ్డ పోయింది అంటాది. నువ్వు విచారించి రాస్తే ఆయమ్మ ఉద్యోగం తీసేస్తారంట కదా? కూర్చో తల్లీ, మంచం మీద కూర్చో. మల్లీశ్వరి నీళ్లకు పోయింది. అది వచ్చేలోపల నాతో మాట్లాడు.

ఊ, రాసుకో. పాప పేరు చంద్రిక. ఏడాది మీద రెండు నెల్లు. పోయి పదైదు దినాలాయ.

వాన ల్యా, శెనక్కాయ ఎండిపాయ. కూతురూ అల్లుడూ బెంగుళూరులో కట్టడం పనికి పోతా, బిడ్డను నా ఒళ్లో ఏసి పోయిరి. ఆరు నెల్లు నేనే సాకినా.

గవర్మెంటు ఇయ్యలేదని నేననను. అబద్ధమాడితే కండ్లు పోతాయి. పాలు ఇచ్చినారు, గుడ్లు ఇచ్చినారు, పిండి పాకెట్లు ఇచ్చినారు. టీచర్ ఇంటికొచ్చి ఎట్ల ఉడకబెట్టాలో చూపించి పోయింది. పెట్టినా మేడమ్మా, నా నోట్లో ఏసుకోల్యా. తిన్నదంతా కక్కేది. అది నా రాత.

నీకెంతమంది పిల్లోల్లు? ఒక్కడేనా. సల్లగుండనీ.

నాకు నలుగురు. మిగిలింది ఈ మల్లీశ్వరి ఒక్కటే. మా పెద్దది ఎంత బొద్దుగా ఉండేదో! ఆసుపత్రిలో నర్సమ్మ తూకమేసి, అందరూ వినేట్ల గట్టిగా చెప్పింది. ఎనిమిది దినాల్లో జొరమొచ్చి పోయింది. బిడ్డ నిజం తూకం నలుగురి నోట్లో పడితే దిష్టి తగుల్తాది, ఆ మాత్రం తెలీదా అని మా అత్త నెత్తీ నోరూ కొట్టుకునింది. ఆ మాట నాకు ఎముకల్లో దిగిపాయ.

నవ్వుకుంటే నవ్వుకో. నవ్వలేదులే, కనపడతాండాది.

టీచర్ నెలనెలా దూలానికి త్రాసు తగిలిచ్చి, జోలెలో బిడ్డను ఏసేది. దుప్పటి తీయవ్వా అనేది. జలుబు చేసింది, తీసేది ల్యా అని నేను గయ్యిమంటే ఊరకయ్యేది. ముసల్ది కదా అని మర్యాద ఇచ్చింది. అదే ఆయమ్మ చేసిన తప్పు. ముల్లు యాడ నిలబడితే అదే రాసింది. తూకం బాగుండాది, కార్డులో పచ్చగీతలో ఉండాదవ్వా అని నాకంటే ఎక్కువ సంబరపడింది, పాపం.

పోయిన నెల బిడ్డ కండ్లు తేలేసింది. మా ఊరి గిరి ఆటోలో అనంతపురం పెద్దాసుపత్రికి ఎత్తుకపోతిమి. డాక్టరు బట్టలు తీసి తూచినాడు. ఆరు కేజీలు. కార్డులో ఏడున్నర. వారంలో కేజిన్నర యాడికి పాయ అవ్వా అని అడిగినాడు. ముందే ఎర్రగీతలో పడింటే పద్నాలుగు దినాలు ఈడే పెట్టుకుని, పాలు పోసి నిలబెట్టుకుంటా ఉంటిమి అన్నాడు. మూడో దినం బిడ్డ పోయింది.

ఉండు, పొయ్యికాడ ఒకటుండాది, తెస్తా.

ఇదో. పట్టుకో. సేన్లో రాయి, ఇంకేం కాదు. నెలనెలా దుప్పటి మడతలో పెడ్తా ఉంటి. నిజం తూకం ఎవురి నోట్లోనూ పడకూడదని. బిడ్డ చిక్కేకొద్దీ అదీ దిష్టే అనుకుని ఇంగా పెద్ద రాయి పెట్టినా. డాక్టరు అడిగిన కేజిన్నర ఇదే మేడమ్మా. కావాలంటే తూచుకో.

టీచర్‌కు తెలీదు. ఎవురికీ తెలీదు. ఆయమ్మ పేరు కొట్టేసి నా పేరు పెట్టుకో, గంగక్క అని.

అదో, బిందె ఎత్తుకుని వస్తాండాది మల్లీశ్వరి. దానికి నువ్వు చెప్తావా తల్లీ, నన్నే చెప్పమంటావా?