శంకుపూల గోదారికి నాలుగు మార్కులు

భీమవరంలో ఓ ఇంగ్లీషు మీడియం స్కూలు, 2003. క్రాఫ్ట్ మాస్టారు రాజరత్నం ఎదురుగా ఆరో తరగతి కీర్తిప్రియ తల్లిదండ్రులు నాగవల్లి, శ్రీనివాసరాజు. బల్ల మీద, అట్టకి ఎండుపూలు అంటించి చేసిన గోదారి బొమ్మ.

“అది కాదు మాస్టారూ, కోప్పడకండి గానీ, ఎండుపూలు అట్టకి అంటించడంలో కూడా మంచీ చెడూ ఉంటాయాండి?”

“ఉంటాయండి, శ్రీనివాసరాజు గారూ.”

“లెక్కల్లో తొంభై ఎనిమిది. సైన్సులో తొంభై అయిదు. మీ దగ్గరేమో పదికి నాలుగు! ఫస్ట్ ర్యాంకు పోయింది. దేనివల్ల? ఈ చెత్త వల్ల!”

“చెత్తేనండి. అరటి డొప్పతో పడవ. ఉల్లిపొరతో ఆకాశం. శంకుపూల రేకులతో నీళ్ళు. వరిగడ్డితో కొవ్వూరు వంతెన. పాతికేళ్ళ సర్వీసులో ఇంత మంచి చెత్త నేను చూళ్ళేదు.”

“మరి నాలుగేంటి?”

“అట్ట తిన్నగా కత్తిరించినందుకండి. పాప చేసింది అదొక్కటే.”

“అంటే? మా పిల్ల దొంగా?”

“నేనా మాట అనలేదండి. రేకులు రంగు పోకుండా ఎలా ఆరబెట్టావమ్మా అని అడిగితే నేల చూపులు చూసింది.”

“పాపకి... పాపకి మీరంటే భయవండి.”

“భయమేనా, నాగవల్లి గారూ?”

“భయవేనండి. అయినా దీనికేం చదువు కావాలి? గడ్డీ గాదం ఏరుకోడమేగా. ఎవరైనా చేస్తారు.”

“ఎవరైనానా? మీ ఇంట్లో ఇంకెవరున్నారండి?”

“అదేంటి మాస్టారూ, మా ఆవిడ చేసిందంటారా? పెళ్ళయిన కొత్తలో ఈవిడకీ ఉండేదిలెండి ఆ పిచ్చి. టెలిఫోన్ డైరెక్టరీ తెరిస్తే ఆకులు. పరుపెత్తితే పూలు. మొత్తం ఊడ్పించి పెంటకుప్పలో పోయించాను. ఆ దెబ్బతో కుదిరింది. ఏవమ్మా, కుదిరిందా లేదా?”

“కుదిరిందండి. ఇప్పుడు నాకంత తీరికెక్కడిది?”

“విన్నారుగా?”

“విన్నానండి. పూలకి భయపడే మగాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను.”

“ఏంటేంటి? బొమ్మలంటించుకునే మాస్టారికి నోరు బానే ఉందే! ఉండండి, ఫోను... ఆ, చెప్పరా చిట్టియ్యా. ఏరేటర్లు ఆగిపోయాయా? జనరేటరెయ్యరా, నీళ్ళలో గాలాడక రొయ్య చచ్చి తేలిపోద్ది! వస్తున్నా, వస్తున్నా... నాగవల్లీ, నేను చెరువు మీదికెళ్తున్నా. నువ్వు ఆటోలో వచ్చెయ్. పిల్లని ఈ క్లాసు మాన్పించి కంప్యూటర్లో వేస్తున్నామని కాయితం రాసిచ్చి రా.”

“అలాగేనండి.”

“ఆ చెత్త మాత్రం ఇంటికి తేకు.”

“తేనండి.”

“ఇదుగోనమ్మా కాయితం. మీ వారు రాయమన్నది రాసెయ్యండి.”

“రాస్తానండి. ఈ ఎండుగడ్డి పీడ వదుల్తుంది. ఇదీ ఓ చదువేనా, ఇదీ ఓ... కారెళ్ళిందాండి?”

“గేటు దాటింది.”

“ఇంకోసారి చూడండి, మాస్టారూ.”

“వెళ్ళిపోయారమ్మా. ఏం?”

“ఒడ్డు దగ్గర నీళ్ళు... పల్చగా పడ్డాయాండి? రేకులు చాల్లేదు. వర్షానికి పూత రాలిపోయింది.”

“మీరే చేశారు.”

“పదిహేను రోజులు. ఆయన చెరువు మీదికి వెళ్ళినప్పుడల్లా.”

“మరి మీ చేతిపనిని మీరే అంతలా తిట్టుకున్నారేంటమ్మా?”

“నేను తిట్టకపోతే ఆయనకి తెలిసిపోద్దండి. మాస్టారూ, ఆ నాలుగు కొట్టేసి పది వెయ్యండి. ర్యాంకొస్తే పాపని ఈ క్లాసు మాన్పించరు.”

“పాప చెయ్యనిదానికి పదా? మీ ఆయనకీ ర్యాంకే, మీకూ ర్యాంకే. మీరు మీరూ ఒక్కటేనమ్మా!”

“ర్యాంకు ఎవరిక్కావాలండి? పాప హోంవర్కని చెప్పబట్టే, పన్నెండేళ్ళ తర్వాత నేనో పువ్వు ఎండబెట్టుకున్నాను.”