సీసా మీద చాక్లెట్ బొమ్మ

కొత్తగూడెంలో గని కార్మికుల క్వార్టర్లు. సాయంత్రం. అత్త అనంతమ్మ, బడిలో పాఠాలు చెప్పే కోడలు సరిత. తెల్లవారితే అనంతమ్మ కొడుకు జగదీష్ దినాలు.

"ఇదేం పాలు బిడ్డా, గొంతుల కాలుతున్నయ్?"

"ఏ పాలు? ... అయ్యో అత్తమ్మా! అదెక్కడ దొరికింది నీకు?"

"అల్మారల. నీ మొగని స్వెట్టర్ల చుట్టి ఉన్నది. రేపు పెట్టటానికి వాని అంగి ఒకటి తీద్దామని చెయ్యి పెడితే తగిలింది. సీసా మీద చాక్లెట్ బొమ్మున్నది గద, హార్లిక్స్ అసొంటిదేమో అనుకున్న. పొద్దటిసంది నోట్లె ఏం పోలే. గిలాసల పోసుకున్న."

"ఎంత తాగినవ్?"

"సగం గిలాస. ఏం, పాడైనయా?"

"పాడు కాలే. ఇటియ్యి."

"ఇస్తగని, ఏందిది?"

"అదీ... చాక్లెట్‌ది."

"చాక్లెట్‌దే. నాకు తెల్వదా? తియ్యగున్నది, మీగడోలె నాలుక మీద జారుతున్నది. కడుపులకు పోయినంక మాత్రం పొయ్యి అంటుకున్నది. చాక్లెట్‌కు గంత మంట ఎందుకుంటది?"

"ముందు కూసో అత్తమ్మా. అటూ ఇటూ తిరుగుతనే ఉన్నవ్."

"నేను కూసుంటనన్నా కాళ్ళు కూసుంటలేవ్. గోడ మీద కాకి గిట్ల వాలిందా చూడు."

"లేదు. పొద్దుగూకింది, కాకులెక్కడియి?"

"మాట దాటెయ్యకు. బడిల పిల్లగాండ్లను గిట్లనే దాటేస్తవా? ఏందిది?"

"తాగేది. సారా, బ్రాందీ అసొంటిదే. దాంట్ల మీగడ, చాక్లెట్ కలుపుతరు."

"సరితా!"

"అవ్."

"నేను మందు తాగిన్నా? కొడుకు దినాలు ముంగట పెట్టుకొని?"

"తెల్వక తాగినవ్. ఏం కాదు."

"గింత తియ్యగ చేస్తె ఎట్ల తెలుస్తది? కల్లు తాగిన. మా అమ్మగారింటికాడ ఇప్పసారా నాలుకకు రాసుకున్న. ఏదైనా గాని ముక్కు కాడనే నేను ఫలానా అని చెప్తది. ఇది దొంగది. పాలోలె లోపలికొచ్చి, తలుపేసుకున్నంక పేరు చెప్తున్నది."

"నవ్వుతున్నవా అత్తమ్మా?"

"నవ్వుతలేను. ఇంకొంచెం పొయ్యి."

"అత్తమ్మా!"

"తెల్వక తాగితే ఏం కాదంటివి. తెలిసి తాగితే ఏమైతదో చూస్త. నువ్వు గూడ పోసుకో. గట్ల నిలబడి చూస్తే నాకు దిగది."

"నాకొద్దు."

"వాడు పోయినకాడి నుంచి వద్దనే అంటున్నవ్. అన్నం వద్దు, నిద్ర వద్దు, ఏడుపు గూడ వద్దు. పోసుకో."

"ఒక్క గుక్కె."

"ఒక్క గుక్కె. ఊఁ? ఎట్లున్నది?"

"గింత మంచిగుంటదా..."

"ఏందీ?"

"ఏం లేదు. మంచిగున్నది. కాఫీ వాసన గూడ వస్తున్నది."

"కాఫీ కాదు, ఏలక్కాయ. సరే గని, ఎవరు తెచ్చిండ్రు దీన్ని?"

"ఆయన దోస్తు రవికుమార్. ఎయిర్‌పోర్టుల కొన్నడంట. మా పెళ్లిరోజుకని ఇచ్చిండు."

"పెళ్లిరోజుకిస్తే పెళ్లిరోజునాడే తాగాలె గద. దాచిపెట్టుడెందుకు?"

"నిన్ను అడి... అది కాదు. చపాతీలు చెయ్యనా అత్తమ్మా?"

"చపాతీలు ఎవరికి? నాకా, నీకా? ఇద్దరం తినం. కూసో."

"మరి నువ్వు గూడ కూసో."

"కూసుంట. ... పిట్ట ముట్టలే సరితా."

"మళ్ళ అదేనా?"

"అదే. ఇంకేమున్నది నాకు? మూడొద్దులనాడు బొందలగడ్డ కాడ ఇస్తరాకుల అన్నం పెడితిమి, కోడికూర పెడితిమి, బాయిల వాని తోటోడు మంగయ్య తెచ్చిన బ్రాందీ దొప్పల పోస్తిమి. చెట్టునిండ కాకులు. ఒక్కటన్న దిగిందా? పొద్దు నెత్తి మీదికొచ్చినదాక చూసి చూసి, కుక్కలకేసి వస్తిమి. మంగయ్య పెండ్లాం ఏమన్నది తెలుసా? లోపల ఏదో పెట్టుకొని పోయిండంట."

"ఎవరో ఏదో అంటరు. కాకులు అందరిని జూసి బెదిరినయ్, గంతే."

"కాకులు మనిషికి బెదురుతయా? నాకు తెలుసు వాడు ఏం పెట్టుకొని పోయిండో. ఒట్టు."

"ఏం ఒట్టు?"

"నీకు చెప్పలేదా వాడు? మీ మామ తాగి తాగి పోయినంక, వీడు బొగ్గుబాయిల నౌకరీకి ఎక్కిననాడు, నా తల మీద చెయ్యి పెట్టించిన. మందు ముడితే నా తల పగులుతదని అనిపిచ్చిన. ఎంత చిన్నోడప్పుడు! మీసం గూడ సక్కగ రాలే. జీతాల్నాడు తోటోళ్ళందరు కూసుంటే వీడు సోడా తాగి లేచొచ్చేటోడు. అమ్మ కొంగు జగదీష్ అని ఎక్కిరిచ్చేటోడు మంగయ్య."

"తెలుసు. నవ్వుకుంట చెప్పేటోడు."

"చచ్చినోడికి ఒట్టేందని నేనే అన్న మంగయ్యతోని. ఒక చుక్క పొయ్యి, ఆఖరిసారన్న తోటోళ్ళ లెక్క తాగనీ అన్న. ముట్టలే. ఒట్టు ఇంకా పట్టుకొనే ఉన్నడు బిడ్డా. నా ఒట్టు మోసుకొని, ఆకలితోని తిరుగుతున్నడు. రేపు గూడ పిట్ట దిగకపోతే నేనేం మొఖం పెట్టుకొని బతకాలె?"

"ఏడ్వకు అత్తమ్మా."

"ఏడుస్తలేను. నీ చాక్లెట్‌ది కండ్లకెక్కింది."

"ఒక మాట చెప్త. తిట్టద్దు."

"చెప్పు."

"ఆయన తాగిండు."

"ఏందీ?"

"తాగిండు. ఇదే, ఈ సీసలదే."

"వాడా? నా తల మీద ఒట్టేసి?"

"ఇది మందు కాదు, చాక్లెట్ అనేటోడు. అమ్మ మందు ముట్టద్దన్నది గని చాక్లెట్ ముట్టద్దన్నదా అనేటోడు."

"ఎప్పుడు?"

"నువ్వు పినపాకకు మీ చెల్లె ఇంటికి పోయినప్పుడల్ల."

"అందుకేనా! అందుకేనా పినపాకకు పోయిన ప్రతిసారి నాకు తలనొప్పి!"

"అది బస్సుకు అత్తమ్మా. ఆ రోడ్డుకు."

"రోడ్డు కాదు, వాడే. ఇక్కడ వాడు తాగుడు, ఆడ నా తల పగులుడు. దొంగ సచ్చినోడు... అయ్యో, నా నోరు పడిపోను."

"పోనీ. ఆయన వింటే నవ్వేటోడే."

"ఎట్ల తాగేటోడు? చెప్పు."

"బాయి నుంచి వచ్చి, తానం చేసి, తలుపుకు గొళ్ళెం పెట్టేటోడు. ఇగో, ఈ చిన్న గిలాసల పోసుకునేటోడు. మొదలు వాసన చూసేటోడు. నాలుక కొసతోని అంటిచ్చుకునేటోడు, పిల్లి పాలు తాగినట్టు. మీసాలకు అంటేది. తుడుచుకోరాదు అంటే, ఉండనీ, పండుకున్నంక వాసనొస్తది అనేటోడు."

"మీసాలకు అంటేదా?"

"అవ్."

"చిన్నప్పుడు పాలమీగడ గూడ గట్లనే. ఎండి పొక్కులు లేచినదాక తుడువనిచ్చేటోడు కాదు. ... నవ్వేటోడా?"

"మస్తు నవ్వేటోడు. ఆ బొంగురు గొంతుతోని పాట గూడ అందుకునేటోడు. మెల్లగ, పక్కింటి సఫూరా వాళ్ళు వింటరు అంటే ఇంకింత గట్టిగ."

"వాడు పాడుతడా? నాకు తెల్వనే తెల్వదు."

"నీ ముంగట సిగ్గు."

"మస్తు తాగిండా?"

"చూడు, సీసా ఎంత తగ్గిందో."

"అవ్. తగ్గింది."

"ఇంకేం మరి? ఒట్టు ఎప్పుడో తీరిపోయింది. ఆయనకు బ్రాందీ వాసన పడది. అందుకే మొన్న ముట్టలే. లోపల ఏం పెట్టుకొని పోలే."

"గంతేనంటవా?"

"గంతే."

"అయితే రేపు మంగయ్యను బ్రాందీ తేవద్దను. ఇదే పోద్దాం దొప్పల."

"పోద్దాం."

"ఆగాగు. ఎంగిలైంది గద! నేను తాగిన, నువ్వు తాగినవ్. మనం తాగంగ మిగిలింది పిట్టకెట్ల పెడుతం?"

"ఏం కాదు. ఆయన ఎప్పుడు తాగినా నా గిలాసలదే తాగేటోడు. నేనొక గుక్క తాగి ఇయ్యకపోతే ఆయనకు దిగేదే కాదు."

"గట్లనా?"

"అవ్. ... ఏంది అత్తమ్మా, గట్ల చూస్తున్నవ్?"

"ఏం లేదు. లైటు వెయ్యి. చీకటైంది."

"వేసిన. ఇగ మూత పెట్టి లోపల పెడుత."

"పెడుదువు గని, మళ్ళొకసారి చెప్పు."

"ఏది?"

"మీసాలది. మొదటిసంది."

"ఇప్పుడే చెప్పిన గద."

"మళ్ళ చెప్పు. నన్ను పినపాక బస్సు ఎక్కిచ్చినకాడికెల్లి చెప్పు. గొళ్ళెం పెట్టుడు, వాసన చూసుడు, పాట పాడుడు, అన్నీ. తొందర పడకుండ చెప్పు."

"నిజంగనే అత్తమ్మా, ఆయన తాగి..."

"మూత తిప్పితే కటకటమన్నది బిడ్డా. ఈ సీసా సీలు నా చేతులతోని నేనే తెంపిన. అయినా చెప్పు."