వేట బంగ్లా వేడినీళ్ళు

షామీర్‌పేట చెరువు ఒడ్డున నవాబుగారి వేట బంగ్లా. దాని వెనక నౌకర్ల గదుల వరసలో చివరిది నీళ్ళు కాచే మోషేది. మోషే పోయి పందొమ్మిది రోజులైంది. అతని భార్య ఎలీషమ్మ రేకు పెట్టెలో బట్టలు సర్దుతూంటే, బంగ్లా జమేదారు భిక్షం గడప బయటే నిలబడి మాట్లాడుతున్నాడు.

"...అందుకే ఐతారం అంటున్న ఎలీషమ్మా. నా మాట గాదు, నవాబు సాబు హుకుం. మోషే జాగల గండయ్యను వెట్టిన్రు. గది గండయ్యకు గావాలె."

"సదురుతనే ఉన్న గద జమేదారు సాబు."

"సదురు, సదురు. జల్దేం లేదు. ఐతారం దాకున్నది."

"ఇయ్యాల శుక్రారం."

"అవు... శుక్రారమే. యాడికి వోతవ్?"

"తెల్వది."

"తూంకుంటల మీ అక్క ఉండె గద, సారమ్మ?"

"ఉన్నది. ఒక్క అర్రల ఏడుగురున్నరు."

"ఊఁ. ...నేనింకో ముచ్చట అడుగుదామని వచ్చిన."

"అడుగున్రి."

"ఆ మిషిని గురించి మోషే నీకేమన్న చెప్పేటోడా? ఇంట్ల, తినేటప్పుడు, ఉత్తగనే?"

"ఏ మిషిని?"

"ఏ మిషిని అంటవేంది! వేడినీళ్ళ మిషిని. రేపు నవాబు సాబు ఆరుగురు దోస్తులతోటి వస్తాండు. గండయ్య మూడు దినాల సంది మొద్దుల మీద మొద్దులు ఎగేస్తనే ఉన్నడు. వచ్చేటియి గోరువెచ్చని నీళ్ళు. అవి గూడ సన్నగ."

"కాగుల కాగవెట్టి పొయ్యమనున్రి."

"కాగుల నీళ్ళయితే మా అవ్వ గూడ పోస్తది. ఆయనకు మిషిని నీళ్ళే గావాలె. దోస్తులకు సూపెడుతడట, కాగు లేదు, గోలెం లేదు, ఇటు సల్లనీళ్ళు వోతె అటు పొగలొస్తయని. రాకపోతె గండయ్యకేం గాదు. నా తలకాయ పోతది."

"గండయ్య ఏం జేసిండు?"

"సుత్తెతోటి రెండు దెబ్బలేసిండు."

"దేన్ని?"

"గొట్టాన్ని. అడ్డం ఏదన్న వడ్డదేమో, కదులుతదని."

"సొట్టవడ్డదా?"

"ఒక్కటే. చిన్నది."

"చప్పుడు వస్తాందా?"

"వస్తాంది. పేలాలు ఏగినట్టు టపటప. గండయ్య దయ్యమంటాండు. నిమ్మకాయ గూడ గట్టిండు."

"నిమ్మకాయ బయట గట్టేది గాదు. లోపల పిండాలె."

"ఏందీ?"

"లోపల సున్నం పేరింది. మన బాయి నీళ్ళకు కుండ అడుగున తెల్లగ పట్టదా? గదే. రాగి గొట్టం మంట మీద సుట్టలు సుట్టలుగ ఉంటది గద. సున్నం పట్టినకాడ వేడి నీళ్ళకు అందది. నెలకొక్కసారి కడగాలె. ఆయన మంచం వట్టిన సంది కడగలే."

"కడుగుడెట్ల? చెయ్యి దూరదు, పుల్ల వోదు."

"మంట ఆర్పాలె. గొట్టం సల్లగయ్యేదాక ముట్టొద్దు. నీళ్ళొచ్చే మీది పీపా తూము మూసి, కింద నల్లా బందు వెట్టి, శేరు చింతపండు పిసికిన నీళ్ళు గొట్టంల పొయ్యాలె. నిమ్మకాయలుంటె అవి గూడ. ఓ రాత్రి ఉంచి ఇప్పితె మజ్జిగ లెక్క తెల్లగ వస్తది. తేటనీళ్ళు వచ్చేదాక కడగాలె. పీపా తూముకు ఇత్తడి జల్లెడ ఉంటది, చిన్నది. దాంట్ల పాచి తీసిండా?"

"జల్లెడున్నదా?"

"ఉన్నది."

"ఆగాగు. శేరు చింతపండు... సల్లగయ్యేదాక... మల్ల చెప్పు. అగ్గి ముందా, నీళ్ళు ముందా?"

"నీళ్ళు. ఎప్పటికి నీళ్ళే ముందు. కింద నల్లాకు ధార వడ్డంక అగ్గి వెట్టాలె. ఆర్పేటప్పుడు అగ్గి ముందు తియ్యాలె, నీళ్ళు ఆఖరుకు బందు. ఉత్త గొట్టం కింద మంట వెట్టి, మల్ల యాదికొచ్చి నీళ్ళిడిస్తె..."

"ఇడిస్తె?"

"ఆవిరి మొఖానికి కొడ్తది."

"...మోషేకు గట్లనే అయింది గద. లడాయి మొదలైన యేడు."

"గట్లనే అయింది."

"అయినా గుండెగల్లోడు! మొఖమంత కాలినా, పదిహేను దినాలకే పనిల వడ్డడు. కోడి కూసే యాళ్ళకు ఆ మిషిని పొగగదిలకెళ్ళి కీర్తన వినవడేది. ఇగ నీళ్ళు కాగుతున్నయి తియ్ అని నేను మంచంల పక్క మర్లి పండేటోణ్ణి. మూడేండ్లు! నవాబు సాబు ఉన్నప్పుడు ఒక్కనాడు తప్పలే. లేచి చూసే పనే లేకుండె."

"మీరెన్నడు రాలే."

"ఆ పొగల నాకేం పని? ...ఊకె నీ భుజం మీద చెయ్యేసుకొని నడిచేటోడు. కొత్తజంట వస్తాందని మేం నవ్వుకునేటోళ్ళం."

"వినవడుతుండె."

"తప్పుగ అనుకోకు."

"అనుకోలే. సామాన్ల అర్ర తాళం ఇయ్యున్రి, చింతపండు తీసుకోవాలె. ఇప్పుడు పోస్తెనే తెల్లారేవరకు సున్నం ఇడుస్తది."

"తాళం గండయ్యకిస్త. నువ్వు పక్కన నిలవడి చెప్పు."

"చెప్తె వచ్చేది గాదు. చప్పుడు వినాలె. సొట్ట గూడ వడ్డదాయె."

"అరె, ఆడమనిషి పేరు రిజిష్టర్ల ఎట్ల రాయాలె? నవాబు సాబు చూస్తె నా నౌకరి పోతది."

"గండయ్య పేరే రాయున్రి. ఆయనకు కట్టెలు కొట్టుడు వస్తది, కొట్టనియ్యున్రి. నాకీ గది ఇడువున్రి, సాలు."

"పేరు వానిది, పని నీదా? అసుంటిది ఎన్ని దినాలు నడుస్తదే!"

"మూడేండ్లు నడిచింది గద."

"ఏం నడిచింది?"

"పేరు ఒకలది, పని ఒకలది."

"...ఎలీషమ్మా. ఏమంటున్నవ్?"

"ఆవిరి కొట్టిన్నాడే ఆయన రెండు కండ్లు వోయినయి."

"మరి నేను విన్నది? కీర్తన?"

"అది ఆయనదే. కట్టెల మీద కూసోని పాడేటోడు, మీరు పక్క మర్లి పండాలని."

"అంటె మూడేండ్లు మిషిని కాడ నువ్వేనా?"

"జమేదారు సాబు, పొద్దు గూకుతాంది."

"ఇగో... ఇగో తాళం. ఆ పెట్టె సదురుడు ఆపు. గండయ్యకు నేను చెప్పుకుంట."

"సరే. రేపు పొద్దుగాల నీళ్ళు వేడిగనే వస్తయి. పాటొక్కటే వినవడది."